వెనక రెండు తీగలు

చర్ల,
7-10-2024

స్తెఫనన్నకు,

రిబ్కా వందనాలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాశాను, చదివి వదిలెయ్. జ్వరాల కాలం. మా మిషన్ ఆసుపత్రిలో మంచానికి ఇద్దరు పడుకుంటున్నారు. నిన్న ఒక కోయ అవ్వ నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. ఆమె భాష నాకు సగమే వచ్చు, ఆ సగమూ వినపడలేదు. ఊరికే తలూపాను. ఆమె విసుక్కుని చెయ్యి వదిలేసింది. తర్వాత ఆయా వచ్చి, "నీళ్లు తాగొద్దా అని అడిగిందమ్మా, నువ్వు తలూపినవ్. పొద్దటి సంది తాగలే" అంది.

ఎడమ చెవి పోయి చాలా కాలమైందని నీకు తెలుసు. ఇప్పుడు కుడి చెవి వెనక నరం మీద గడ్డ ఉందన్నారు హైదరాబాదు డాక్టర్లు. తియ్యకపోతే ప్రాణానికి ముప్పు. తీస్తే వినికిడి ఉండదనే అనుకొమ్మన్నారు. జనవరిలో ఆపరేషన్. జాలి కోసం రాయడం లేదు, పని ఉండి రాస్తున్నాను.

మందులకని భద్రాచలం వెళ్తే గుడి వీధిలో పద్మావతమ్మ గారు కనపడింది. అదే, మన క్వార్టరు వెనకింటావిడ. నా చెవి దగ్గర నోరు పెట్టి మరీ చెప్పింది. "మీ అన్న ఇంట్ల ఆదివారం పొద్దుగాల చర్చి పాటలు మస్తు వినపడ్తయ్. మీ అమ్మ ఉన్నప్పుడు జూబిలీకి పాడిన పాటలేనంట గవి" అని. అమ్మ గొంతు నీ దగ్గర ఉందని నాకు వెనకింటావిడ చెప్పాలా అన్నా?

అమ్మ పోయిన ఆ జూలైలో గోదావరి పొంగి బ్రిడ్జి మూసేస్తే నువ్వు నా కోసం ఆగలేదు. నేను వచ్చేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. ముఖం దక్కలేదు. చెవి ఉండగా గొంతన్నా వినాలని ఉంది.

ఆ పాటల డిస్కేదో నీ దగ్గర ఉందట, అందులోది పెన్‌డ్రైవ్‌లోకి తీసి పంపు. డిజిటల్‌గానే తియ్యి. నా చెవి మిషన్ అమర్చిన అమ్మాయి గట్టిగా చెప్పింది, మామూలు వైరుతో తీస్తే గుయ్యిమనే చప్పుడు కలుస్తుందట, మిషన్ దాన్ని కూడా పెంచుతుందట. ఫోన్ చెయ్యకు, వినపడదు. వాట్సాప్‌లో నువ్వు పంపే బొటనవేలు బొమ్మలు నాకు వద్దు. కాగితం మీద రాయి.

ఫ్లోరెన్స్ వదినకు వందనాలు.

నీ చెల్లెలు,
రిబ్కా


పాల్వంచ,
15-10-2024

చెల్లె రిబ్కాకు,

అన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి మీ వదిన ఏడ్చింది. నేను చదివి పాటల పెట్టె ముందర కూర్చున్నాను, నాకు చేతనైన ఏడుపు అదే.

నీకు చెప్పకపోవడం తప్పే. కానీ అమ్మ పోయినప్పటి నుంచి రాసినదేనికీ జవాబు ఇవ్వని చెల్లెలికి మళ్లీ ఏమని రాయాలో తోచలేదు.

డిస్కు సంగతి చెబుతా. చర్చి జూబిలీకి మద్రాసు నుంచి ఒకాయన వచ్చి క్వయర్‌ని రికార్డు చేశాడు. నువ్వప్పటికే చర్లలో ఉన్నావు. మామూలు సీడీ కంటే చాలా నిక్కచ్చిగా, ఊపిరి పీల్చే చప్పుడుతో సహా పట్టే రకం డిస్కు అది. దాన్ని పూర్తిగా ఆడించాలంటే తగిన ప్లేయరు కావాలి. అది మన దగ్గర ఎవరికీ లేక డిస్కులన్నీ బీరువాల్లో చీరల కింద పడి ఉన్నాయి. మొన్న ఎండాకాలం ఇంజనీరు బాబూరావు గారు క్వార్టరు ఖాళీ చేస్తూ తన పాత ప్లేయరు నాకిచ్చాడు. "తీస్కపో స్తెఫనూ, దీని విలువ నీకైతే తెలుస్తది" అన్నాడు. మూడో అంతస్తు నుంచి దింపేటప్పుడు దాని బరువు మాత్రం బాగా తెలిసింది.

నువ్వడిగినట్టే డిజిటల్‌గా తీయించాను. పెట్టె వెనక చిన్న తలుపు తోస్తే లోపల ఎర్రటి వెలుగు కనపడుతుంది. సన్నని తీగ ఒకటి అందులో పెడితే పాట వెలుగు రూపంలో పోతుంది, గుయ్యిమనే చప్పుడు అంటదు. కొత్తగూడెంలో టీవీలు బాగుచేసే వజీర్ భాయ్ కొడుకు ఆసిమ్ వచ్చి కంప్యూటర్‌లో పట్టి ఇచ్చాడు. నేను మళ్లీ పెట్టి వినలేదు, ఇంట్లో ప్రతి ఆదివారం వినేదే కదా. ఆర్టీసీ కార్గోలో వేశాను, భద్రాచలంలో తీసుకో.

మీ వదిన మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. నాకు రిటైరైనా నిద్ర షిఫ్టు ప్రకారమే వస్తోంది. అంతా చప్పగా గడుస్తోంది. క్రిస్టోఫర్ బావను అడిగానని చెప్పు. ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే రాయి.

ఇట్లు,
స్తెఫను


చర్ల,
28-10-2024

అన్నకు,

వందనాలు. పెన్‌డ్రైవ్ అందింది. మూడు రోజులు డ్యూటీ దిగగానే విన్నాను. మీ బావ కూడా విన్నాడు, ఆయన చెవులకు ఏ రోగమూ లేదు.

వదిన గొంతు ఖంగుమని ఉంది. పాస్టరమ్మ గారి గొంతు ఉంది. తబలా ఉంది, ఎవరిదో దగ్గు కూడా ఉంది. అమ్మ లేదు.

ఒక్క పాటలో కూడా లేదు అన్నా. నాకు వినపడలేదేమోనని మీ బావను మళ్లీ మళ్లీ వినిపించి అడిగాను. "ముసలోల్ల గొంతే లేదు రిబ్కా, అంత వయసోల్లే" అన్నాడు.

ఆసిమ్ చేతిలో కంప్యూటర్ ఉంది, ఏది కావాలంటే అది తీసెయ్యొచ్చని నాకూ తెలుసు. వదిన పాట బాగా వినపడాలని తీయించావా, నాకు దక్కకూడదని తీయించావా? అడగడానికి కూడా ఓపిక లేదు, అయినా అడుగుతున్నాను. నువ్వేమో ప్రతి ఆదివారం వింటున్నావు.

ఇక్కడ ఇంకా జ్వరాలు తగ్గలేదు.

రిబ్కా


పాల్వంచ,
5-11-2024

చెల్లెకు,

నీ ఉత్తరం మీ వదినకు చూపించలేదు. అమ్మకు చివరి ఏడాదంతా తల దువ్వింది ఆమె. నువ్వు నన్ను ఏమన్నా అను, ఆమె జోలికి పోకు.

కోపం తగ్గాక, నీకు పంపిందే ఆసిమ్ కంప్యూటర్‌లో ఉంటే నేనూ విన్నాను. నువ్వు చెప్పింది నిజం, అమ్మ లేదు. మళ్లీ డిస్కు పెట్టి గదిలో విన్నాను. గదిలో వెనక వరుస గొంతులు ఉన్నాయి. కాపీలో లేవు. ఆసిమ్‌ని పిలిచి రెండు రోజులు కుస్తీ పడితే సంగతి తేలింది.

మద్రాసాయన ముందు మూడు మైకులు, వెనక రెండు మైకులు పెట్టాడు. ముందు వరుస పాట ముందు స్పీకర్లలో, వెనక వరుస పాట వెనక స్పీకర్లలో వస్తుంది. అమ్మ ఉన్నది వెనక వరుసలో. మా పెట్టెకు డిజిటల్ తోవలు రెండున్నాయి, ఆ ఎర్ర వెలుగుది ఒకటి, గుండ్రటి బొక్క ఒకటి. రెంటిలో ఏది పెట్టినా ముందరి రెండు మాత్రమే, అదీ కొంత తగ్గించి, బయటికి వదులుతుంది. మిగతావి వదలదు. మంచి పాటను జనం ఉన్నదున్నట్టు కాపీ కొట్టుకుంటారని చేసినవాళ్లే అట్లా కట్టేశారట. తాళం దొంగల కోసం వేశారు, వేలు మాత్రం మనది నలిగింది. మొత్తం పాట కావాలంటే వెనకాల వరుసగా ఉన్న ఆరు బొక్కలకు ఆరు మామూలు వైర్లు పెట్టి ఆరు స్పీకర్లకు కలపాలి, ఆరోది తబలా లాంటి లోతు చప్పుడుకు. అది డిజిటల్ కాదు. ఆ గదిలో కూర్చున్నవాళ్లకే వినపడుతుంది.

అందుకని చెబుతున్నాను, ఒక్కసారి వచ్చి పో. కుర్చీ వెనక స్పీకరుకు దగ్గరగా, నీ కుడి చెవి పక్కకు జరుపుతాను.

ఆ జూలై సంగతి ఎన్నడూ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. కరెంటు లేదు. నువ్వు వచ్చేదాకా అమ్మను ఉంచడానికి ఐసు కోసం కొత్తగూడెం దాకా తిరిగాను. వాన ఆగలేదు. పాస్టరు గారు, "స్తెఫనూ, ఇగ అమ్మను బాధ పెట్టకు" అన్నారు. నేను ఆగలేక కాదు.

ఇట్లు,
స్తెఫను


చర్ల,
14-11-2024

అన్నకు,

వందనాలు. వదినను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోవడం లేదు.

ఇక్కడ డిష్‌లు బిగించే భద్రు అనే అతను ఉన్నాడు. నీ ఉత్తరంలో రాసిందంతా అతనికి చదివి వినిపించాను. "అక్కా, హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయరైతే ఆరు గొంతులు ఒక్క తీగలనే వస్తయ్, డిజిటల్‌గనే వస్తయ్. మీ అన్న గట్లెందుకు రాసిండో నాకైతే సమజ్ కాలే" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. వెనక స్పీకర్లకు పోయే వైర్లు పీకి రికార్డరుకు పెట్టుకున్నా పాట వస్తుందట, కాస్త చప్పుడు కలుస్తుందంతే. పిల్లాడికి కూడా తెలిసిన సంగతి, ముప్పై ఏళ్లు పవర్ స్టేషన్‌లో చేసిన నీకు తెలియదా?

నాకర్థమైంది. రమ్మని అడగడానికి నోరు రాక మిషన్‌ని అడ్డం పెట్టుకున్నావు.

నేను రాను అన్నా. పంతం అనుకోకు. ఆ ఇంటి గుమ్మంలో కాలు పెడితే ముందు గదిలో ఖాళీ మంచం కనపడుతుంది. దాన్ని చూసి, తిరిగి బస్సెక్కి వచ్చి, మర్నాడు సూదులు వెయ్యడానికి నాకు బలం చాలదు. ఆ వైర్లేవో పీకి పంపు. చప్పుడున్నా సరే. డిజిటల్ వద్దు, ఏదీ వద్దు, అమ్మ ఉంటే చాలు.

ఆపరేషన్ జనవరి ఆరున. ఈ మధ్య కుడి చెవిలో వాన పడుతున్నట్టు ఉంటోంది. బయటికి చూస్తే ఎండ.

రిబ్కా


పాల్వంచ,
27-11-2024

చెల్లెకు,

భద్రు చెప్పింది నిజం, నేను రాసిందీ నిజం. నా పెట్టె అంతకంటే పాతది, దానికి హెచ్‌డీఎంఐ లేదు. అది ఉన్న ప్లేయరు కోసం ఆసిమ్ ఖమ్మం దాకా అడిగి వచ్చాడు. "గిసొంటియి ఇప్పుడు ఎవ్వలు కొంటలేరు అంకుల్, షాపుల పెట్టుడే బందు వెట్టిండ్రు" అన్నారట. వైర్లు పీకి పట్టొచ్చని నాకు తెలుసు. నువ్వు డిజిటలే కావాలన్నావు, చప్పుడు వద్దన్నావు. అందుకే ఆ మాట ఎత్తలేదు. నిన్ను రప్పించాలని మనసులో లేదని మాత్రం ఒట్టు పెట్టను.

సరే, పీకాను. ముందు స్పీకర్లన్నీ ఆపేసి, వెనక రెండు బొక్కల నుంచి మాత్రం ఆసిమ్ రికార్డరుకు పెట్టాం. ఇదిగో, ఇంకో పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. కానీ ఇది పంపే ముందు నీకొక సంగతి చెప్పాలి. పోయిన మంగళవారం నుంచి నాకు అన్నం దిగడం లేదు.

ఇన్నాళ్లూ ఆరూ కలిసి మోగుతుంటే అమ్మ అందులో ఉంది కదా అని విన్నాను. ఇప్పుడు వెనక వరుస ఒక్కటే విడిగా వస్తే ముగ్గురు ముసలమ్మల గొంతులు వినపడ్డాయి. మూడూ బాగా దగ్గరగా ఉన్నాయి. ఏది అమ్మదో నాకు తెలియలేదు రిబ్కా.

మొదటిది తీయగా ఉంది, అదే అనుకున్నాను. మర్నాడు వింటే రెండోది అనిపించింది, కొంచెం బొంగురుగా, దమ్ముగా. మీ వదినను అడిగితే, "నేను ముందు వరుసల ఉంటి, వెనకకు తిరిగి సూడొద్దంటరు, నాకెట్ల తెలుస్తది" అంది. నాకు ఆదివారాలు కూడా షిఫ్టులే. అమ్మ చర్చిలో పాడుతుంటే నేను పక్కన నిలబడి విన్నది ఎన్నడు? మూడోది మాత్రం అమ్మ కాదు. అది ఎవరో పాట రాని మనిషి, ప్రతి లైనుకూ వెనకబడుతుంది, అందరూ ఎత్తుకున్నాక సగం మాట దాటి అందుకుంటుంది. అమ్మ ఇంట్లో ఎంత బాగా పాడేది! కాబట్టి మిగతా రెంటిలో ఏదో ఒకటి.

అమ్మ దగ్గరే ఉండి, అమ్మను నా చేతులతో మట్టిలో పెట్టి, అమ్మ గొంతు పోల్చుకోలేకపోయాను. ఈ ముక్క ఎవరికీ చెప్పుకోలేదు. నీ చెవి ఉండగా విని, ఏది అమ్మదో నాకు రాయి. నువ్వు రానవసరం లేదు. ఉత్తరం చాలు.

స్తెఫను


చర్ల,
4-12-2024

అన్నా,

మూడోదే అమ్మ.

మొదటి పాట ఎత్తుకోగానే తెలిసిపోయింది. గుయ్యిమనే చప్పుడు ఉంది, నా చెవిలో వాన ఉంది, అన్నిటి వెనకాల అమ్మ ఉంది. మందుల గదిలో నేల మీద కూర్చుండిపోయాను. ఆయా వచ్చి, "ఏందమ్మా, ఏమైంది?" అని భుజం కుదిపిందట. నాకు తెలియలేదు.

అమ్మకు చదువు రాదని నీకు తెలుసు. మరి పాటల పుస్తకంలోవి ఎట్లా పాడేదో ఎప్పుడన్నా ఆలోచించావా? మన చర్చిలో చదువు రాని ఆడవాళ్లను వెనక వరుసలో, చదువు వచ్చిన ఒకరి పక్కన నిలబెడతారు. పక్కామె మాట అంటే, అది అందుకుని వీళ్లు పాడతారు. అందుకే ఆ అర మాట వెనకబడటం. ఇంట్లో నువ్వు విన్నవి అమ్మకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినవి. జూబిలీకి పెట్టినవన్నీ కొత్త పాటలు. పాట రాక కాదు అన్నా, మాట కోసం ఆగుతుంది.

నాకెందుకు తెలుసంటే, పెళ్లై వచ్చేదాకా ఆ పక్కన నిలబడ్డది నేను. నాలుగో తరగతిలో ఉన్నప్పటి నుంచి అమ్మకు మాట అందించింది నేనే. నేను తప్పు చదివితే అమ్మ కూడా తప్పే పాడేది, ఇంటికొచ్చాక నెత్తి మీద ఒకటి మొట్టేది. నేను లేని ఆ జూబిలీలో ఎవరు అందించారో తెలియదు. ఎవరైనా గానీ బాగా అందించారు, అమ్మ ఒక్క మాట కూడా వదల్లేదు.

నువ్వు పోల్చుకోలేదని నాకు కోపం రావాలి. రావడం లేదు. మూడు గొంతుల్లో తల్లి ఏదో తెలియక అన్నం మానేసిన మనిషి మీద ఇంకేం కోపం తెచ్చుకోను? ఐసు కోసం తిరిగావని నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

అన్నం తిను.

రిబ్కా


పాల్వంచ,
10-12-2024

చెల్లెకు,

నీ ఉత్తరం వచ్చిన పూట ఆసిమ్ ఇక్కడే ఉన్నాడు, అతని ముందే చదివాను. తర్వాత ముందు స్పీకర్ల వైర్లన్నీ మళ్లీ పీకాను. "మల్లెందుకు అంకుల్, గిప్పుడే పెట్టినం గదా" అన్నాడు. అతనికీ ఒక కుర్చీ వేశాను. మేమిద్దరం కూర్చుని మూడో గొంతే విన్నాం. పాట రాని మనిషి అని నీకు రాశాను చూడు. కాగితం మీద పడ్డది వెనక్కి రాదు.

మీ వదిన పలావు చేసింది. తిన్నాను.

జనవరి నాలుగున మీరు హైదరాబాదు బస్సెక్కుతారని బావ కబురు చేశాడు. పాల్వంచ బస్టాండులో దిగమని అడగను. బ్రిడ్జికి ఇవతల నిలబడి నువ్వు వస్తావని చూడటం అప్పుడొకసారి చేశాను, ఇక చెయ్యను. మూడో తారీఖునే భద్రాచలం వచ్చి ఉంటాను. ఆసిమ్ రికార్డరు ఇస్తానన్నాడు. ఆపరేషన్‌కు తీసుకుపోయేదాకా నీ పక్కనే ఉంటాను.

అన్న,
స్తెఫను


చర్ల,
2-2-2025

స్తెఫనన్నకు,

రిబ్కా వందనాలు. కుట్లు విప్పారు. గడ్డ మొత్తం వచ్చేసిందట. ఇక ప్రాణానికి ఢోకా లేదని రాసి చూపించారు. చెవి కూడా గడ్డతోనే పోయింది. ఇంకో పరీక్ష ఉందన్నారు గానీ వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తూనే ఉంది. చెవిలో వాన కూడా ఆగిపోయింది. అది మాత్రం హాయిగా ఉంది.

ఆసుపత్రి వాళ్లు నన్ను మందుల స్టోరుకు మార్చారు. మనుషులు చీటీలు ఇస్తారు, నేను సీసాలు ఇస్తాను. మొదటి వారం చాలా ఏడ్చాను. ఇప్పుడు అలసట తప్ప ఏమీ లేదు.

బస్సులో అశ్వారావుపేట పాప ఒకతె నిన్ను అడిగిందట కదా, "అంకుల్, గా అక్క చెవుకాడ ఏం పట్టుకున్నరు, దారి పొడుగునా?" అని. మీ బావ ఇప్పుడు రాసి చూపించి నవ్వాడు. నువ్వు ఏమని చెప్పావో ఆయనకు గుర్తులేదట. స్ట్రెచరు ఆపరేషన్ గది తలుపు చేరేదాకా ఆ రికార్డరు నా చెవి దగ్గర పట్టుకునే ఉన్నావు. చివరిదాకా విన్నాను అన్నా. నాలుగో పాటలో తలుపు మూసుకుంది.

పెన్‌డ్రైవ్‌లు రెండూ తిరిగి పంపుతున్నాను, ఇక్కడ వాటితో పని లేదు. ఎర్ర వెలుగులోంచి తీసింది పారెయ్. నువ్వు ఆదివారాలు వెనక రెండు వైర్లే పెట్టుకుని వింటున్నావని వదిన రాసింది. మంచిది. కానీ ఊరికే కూర్చుని వినకు. పాటల పుస్తకం తీసుకుని స్పీకరు పక్కన నిలబడు. నీకు పాడటం రాకపోయినా ఫరవాలేదు. ప్రతి లైనూ ఒక్క మాట ముందుగా, మెల్లగా చదువు.

అమ్మ నీ కోసం ఆగుతుంది.

నీ చెల్లెలు,
రిబ్కా